ముక్కు మేడం పుదీనా తొట్టి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీయండి. మా అక్కకి మాత్రం బతుకంతా ముక్కులోనే ఉండేది. అక్క అంటే తోడబుట్టినది కాదు, నా పెద్ద తోడికోడలు. ఒకే ఇంట్లో కాపురం, ఒకే క్యాంటీన్‌లో ఉద్యోగం. ఆమె వంటమనిషి, నేను కూరగాయలు తరిగే మనిషిని. ఫ్యాక్టరీలో అన్ని షిఫ్టుల వాళ్ళూ తినేది ఆమె చేతి వంటే.

ఆమె రుచి చూసి వండే రకం కాదు. గుండిగ మూత కాస్త పక్కకి జరిపి ఒక్కసారి గాలి పీల్చేది. "ఉల్లి ఇంకా వేగాలి", "అడుగంటుతోంది, దించండి దించండి", "ఉప్పు పడలేదు". అంతే, తీర్పు అయిపోయినట్టే. ఉప్పుకి వాసనేమిటని నేను ఎగతాళి చేస్తే, తిని చూడమనేది. తిని చూస్తే నిజంగానే ఉప్పు ఉండేది కాదు, నా ఖర్మ! క్యాంటీన్‌లో ఆమెకి 'ముక్కు మేడం' అని పేరు పడిపోయింది. మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు, ఆమె కూడా దర్జాగా పలికేది.

వానాకాలంలో ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి బయటపడింది మా వంటింట్లోనే. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, ఆమె ఆ గిన్నె పక్కనే నిలబడి నాతో కబుర్లు చెబుతోంది. "అక్కా, పాలు!" అని నేను అరిచేదాకా ఆమెకి తెలియలేదు. గిన్నె వంక చూసింది. వంగి గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఘాటైన వాసనలు పొద్దునా సాయంత్రం చూస్తూ ఉండమన్నాడు. ఆ మాట చాలు ఆమెకి. బజారు కొత్తిమీర వాడిపోయి వస్తుంది, అప్పుడే తుంచిన ఆకు కావాలని పట్టుబట్టింది. మా ఇంటికి పెరడు లేదు, ఉన్న బాల్కనీకి ఎండ లేదు. చివరికి బావగారు, అంటే ఆమె భర్త, ఒక ప్లాస్టిక్ తొట్టి తెచ్చి వంటగట్టు మీద పెట్టారు. మట్టి అక్కర్లేదట. తొట్టిలో నీళ్ళు, మూతకి చిల్లులు, చిల్లుల్లో స్పాంజి ముక్కలు, వాటిలో విత్తనాలు. ఎండకి బదులు పైన ఒక దీపం. నీళ్ళలోకి గాలి ఊదడానికి బొటనవేలంత మోటారు. సీసాలో మందు కాస్త కలిపితే అదే ఎరువు. "మట్టి లేని మొక్కలా! రేపు పిండి లేని రొట్టెలు కూడా వస్తాయి" అన్నాను. నా మాట ఎవరు వింటారు!

పుదీనా, కొత్తిమీర, బేసిల్ అని తులసికి పెద్దమ్మ కూతురులాంటి మొక్క ఒకటి వేశారు. మొలకలు తలెత్తిన దగ్గరనుంచీ నాకు మనశ్శాంతి లేదు. ఆమె కాలుగాలిన పిల్లిలా హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేది. స్పాంజి పైకి లాగి వేళ్ళు వచ్చాయా అని చూసేది, మళ్ళీ గుచ్చేది. దీపం దగ్గరికి దించేది, పైకి జరిపేది. గోరంత ఆకు కనిపిస్తే చాలు, తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ తర్వాత నా ముక్కు దగ్గర పెట్టేది.

"వస్తోందా?"

"వస్తోంది."

"ఎలా ఉంది?"

"పుదీనాలా ఉంది."

"అది నాకూ తెలుసు లేవే. ఎలా ఉందో చెప్పు!"

వాసనని ఏమని చెప్పను? "చల్లగా ఉందక్కా" అన్నాను. ఆమె ఆ ఆకు పారేసి ఇంకోటి తుంచింది. నాకు ఒళ్ళు మండింది. "దాన్ని కాస్త పెరగనిస్తే కదా వాసన పట్టేది! పసిపిల్లని పట్టుకుని పాట పాడమంటే పాడుతుందా?" అన్నాను. ఆమె మాత్రం మూడో ఆకు తుంచింది.

క్యాంటీన్‌లో ఎవరికీ చెప్పొద్దంది. వంటమనిషికి వాసన తెలియదంటే మర్నాడే వేరే మనిషిని పెడతారు. అందుకని మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆమె మామూలుగానే మూత తీసి గాలి పీలుస్తుంది. పక్కన తరుగుతూ నేను వాసన చూస్తాను. బాగుంటే ఊరుకుంటాను, తేడాగా ఉంటే దగ్గుతాను. కొన్నాళ్ళు బండి నడిచింది గానీ నాకు తలప్రాణం తోకకొచ్చేది. మాడితే నాకూ తెలుస్తుంది, ఉప్పు సంగతి నాకేం తెలుసు!

ఒక శనివారం పక్క పొయ్యి మీద ఎవరో ఎండుమిరపకాయలు మాడ్చారు. ఆ ఘాటు గొంతులో పడి నాకు దగ్గు ఆగలేదు. చేతులు ఊపాను, తల ఊపాను, "అది కాదక్కా" అనబోతే అదీ దగ్గే అయి కూర్చుంది. ఇంత దగ్గుతోందంటే ఎంత చెడిపోయిందో అనుకుని, నిక్షేపంలాంటి కూర గుండిగెడూ డ్రైనేజీలో పారబోయించింది అక్క. ఆ పూట షిఫ్టు వాళ్ళు ఉడకబెట్టిన గుడ్లతో సరిపెట్టుకున్నారు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏమైంది మేడం?"

"వాసన తేడా కొట్టింది" అంది అక్క.

"అమ్మో! మీ ముక్కు లేకపోతే ఇవాళ ఎంతమంది కడుపులు పాడయ్యేవో!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. నేను నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో నాకే తెలియలేదు.

అక్క మాత్రం ఇంటికి రాగానే మెట్ల మీద ఆగింది.

"ఇవాళ మంచి కూర పారబోశాను. రేపు చెడిపోయింది వడ్డిస్తాను. అంతమంది తినే తిండితో ఆటలా? సోమవారం మేనేజరుతో చెప్పేస్తానే. గిన్నెలు తోముకుంటాను."

"నువ్వు గిన్నెలు తోమడమేమిటక్కా?"

"ముక్కు లేనిదానికి పొయ్యి దగ్గరేం పని?"

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. తలుపు ధడాలున తోశాను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, లోపల్నుంచి గుప్పుమని కంపు. నిన్నా మొన్నా లీలగా ఉన్నది ఆ రోజు ఇల్లంతా నిండిపోయింది. తొట్టి నీళ్ళు కుళ్ళాయి. ఆ మోటారు బుడబుడమంటూ ఉంటుంది కదా. ముక్కు పోయిన దగ్గరనుంచీ అక్క చెవులతోనే వంట చేస్తోంది, ఆ చప్పుడు వింటే ఏదో పొంగిపోతోందని లేచి పరిగెత్తేది. అందుకని పొయ్యి వెలిగించినప్పుడల్లా మోటారు ప్లగ్గు పీకేసేది, మళ్ళీ పెట్టడం మరిచిపోయేది. గాలి ఆడక వేళ్ళు కుళ్ళిపోయాయి. పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి, మాయదారివి!

చెబుదామని నోరు తెరిచాను. అక్క వెనకనుంచి బావగారు వద్దని చెయ్యి ఊపారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "సోమవారం దాకా ఆ ఒక్క ఆశైనా ఉండనీ అమ్మా" అన్నారు. నిజమే, తొట్టి కంపు కొడుతోందంటే నీకు తెలియడం లేదని మొహం మీద చెప్పినట్టే కదా! నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆయన కిటికీలన్నీ బార్లా తెరిచారు. బయట చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. కంచాలు పట్టుకుని కిటికీ దగ్గరికి చేరాం.

"అక్కడెందుకు కూర్చున్నారు?" అంది అక్క.

"ఉక్కగా ఉంది" అన్నాను, స్వెట్టర్ వేసుకుని.

ఆమె పొద్దునా సాయంత్రం ఆ కంపు మీదే వంగి, కళ్ళు మూసుకుని, ఆకు నలిపి పీల్చేది. గుమ్మంలోంచి చూడలేక నేను వెనక్కి తిరిగిపోయేదాన్ని. అంత బాధ నేనెప్పుడూ పడలేదు.

సోమవారం వచ్చింది. నేను గదిలో కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. ఆమె తయారై, బ్యాగు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత ఒకటే కేక.

"ఛీ ఛీ! ఏమిటే ఈ కంపు!"

నేనూ బావగారూ పరిగెత్తుకొచ్చి గుమ్మంలో గుద్దుకున్నాం. అక్క తొట్టి మూత చేత్తో పట్టుకుని, మొహం చిట్లించి నిలబడి ఉంది.

"ఎలుక చచ్చినట్టు ఇంత కంపు పెట్టుకుని ఎలా ఉంటున్నారు? మీకు ముక్కులు లేవా?"

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకి తట్టలేదు. మూత చేతిలోంచి జారి కింద పడింది.

ఆమె పుదీనా ఆకు తుంచి పీల్చింది, తల అడ్డంగా ఊపింది. అది ఇంకా రాలేదు. మళ్ళీ తొట్టి మీదకి వంగింది. వెక్కి వెక్కి ఏడుస్తూనే గాలి పీలుస్తోంది. నేను ఉతికి కట్టుకున్న చీరతోనే అక్కడ చతికిలబడి ఏడ్చేశాను.

"ఉండు, పారబోసి కడిగేస్తాను" అంటూ బావగారు తొట్టి ఎత్తబోయారు. ఆమె రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది. "ఇంకొక్కసారి వాసన చూడనివ్వండి."