నడుస్తున్న ప్రోగ్రామ్ లోపలికి చూపించిన సార్

సార్ పోయారని మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చదివేసరికి నేను మెట్రోలో ఉన్నాను. పంజాగుట్టలో దిగాల్సినదాన్ని ఖైరతాబాద్ దాకా వెళ్లిపోయాను. ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఎవరు చూస్తే నాకేంటని ఏడ్చాను. అమీర్‌పేటలో కోచింగ్ చెప్పే మాస్టార్లు వీధికి పదిమంది ఉంటారు. నాకు మాత్రం ఆయనొక్కరే.

హాస్టల్ ప్రకటనలతో నిండిన మెట్లు మూడంతస్తులు ఎక్కితే ఆయన క్లాసు. సి అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పేవారు. మొదలుపెట్టే ముందే చాక్‌పీసులు, డస్టర్, మంచినీళ్ల సీసా బల్ల మీద సర్దుకునేవారు. ఆ తర్వాత ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు. నడుమ అడిగితే పాఠం తెగుతుందనేవారు. ఆ చాదస్తానికి మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆయన ఎంతవారో నాకు తెలిసింది ఉద్యోగంలో చేరాకే. పంజాగుట్టలో మా ఆఫీసు. ఒక రక్తపరీక్షల ల్యాబుకు రిపోర్టులు తయారుచేసే పాత ప్రోగ్రామ్ మా చేతిలో ఉండేది. అది రోజూ మధ్యాహ్నానికి మెమరీ నిండిపోయి ఆగిపోవడం మొదలుపెట్టింది. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, వాళ్లు రాసిన అసలు ప్రతి, అంటే సోర్స్ కోడ్, ఎవరి దగ్గరా లేదు. ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నది మా ఆఫీసులో అందరూ అన్న అని పిలిచే ఒకాయన. ప్రోగ్రామే చెత్తదని, అన్న సరిగా చూసుకోలేదని మీటింగులో అన్నదాన్ని నేనే. మేనేజర్ ఆయన్ని ఉద్యోగం మానిపించడానికి సిద్ధపడి, రుజువు తెమ్మని నన్ను పంపారు.

ప్రోగ్రామ్‌ను లాప్‌టాప్‌లో పెట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. సోర్స్ కోడ్ లేకుండా ఏం చూస్తామండీ అంటే, నడుస్తున్నదాన్నే అడుగుదాం అన్నారు. ప్రోగ్రామ్ ప్రతి చిన్న పనికీ కంప్యూటర్‌ని కాస్త మెమరీ అడుగుతుంది, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. అది నడుస్తుండగానే కంప్యూటర్ నేరుగా చదివే దాని మెషిన్ కోడ్‌లోకి దూరి, అడిగేచోటా ఇచ్చేచోటా మన కాపలా పెట్టి, ఏ అడ్రస్ నుంచి, అంటే కోడ్‌లో ఏ చోటినుంచి, ఎంత అడిగిందో రాసుకోవచ్చట. ఆ కాపలా కోడ్ నన్నే రాయమన్నారు. రాసి తగిలించానో లేదో, ప్రోగ్రామ్ కుప్పకూలింది. సార్ పడీ పడీ నవ్వారు.

"నువ్వు రాసుకునుడుకు సుత మెమరీ అడుగుతున్నవ్ బిడ్డా. గా అడిగింది మళ్ల నీ కాపలా కాడికే వస్తది. నువ్వు మళ్ల రాస్తవ్, మళ్ల అడుగుతవ్. ఇగ ఒడువదు. కాపలా కూసునేటోడు అన్నీ ముందే పక్కన పెట్టుకోవాలె."

ఆ మంచినీళ్ల సీసా నాకు అప్పుడర్థమైంది.

రాసుకోవడానికి కావలసిన మెమరీ ముందే తీసి పెట్టుకుని మళ్లీ నడిపాను. స్క్రీన్ మీద వరుసలు పారాయి. తీసుకుంది, ఇచ్చింది. తీసుకుంది, ఇచ్చింది. ఒక్క రిపోర్టుకు వేల సార్లు! నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నేను చెత్తదన్న ఆ ప్రోగ్రామ్ తీసుకున్న ప్రతి బైటూ తిరిగి ఇచ్చేస్తోంది. ఇవ్వనివి కొన్నే, అన్నీ ఒకే అడ్రస్ నుంచి అడిగినవి. ఆ అడ్రస్ పాత కోడ్‌లోది కాదు. రిపోర్టు మీద రోగి పేరు తెలుగులో కూడా రావాలని నేను విడిగా రాసి, దానికి బయటినుంచి తగిలించిన భాగంలోది. పేరు ఖాళీగా ఉంటే అక్కడినుంచే వెనక్కి వచ్చేయమని రాశాను. మెమరీ తిరిగి ఇచ్చే వరుస దాని కింద ఉంది, అలాంటప్పుడు పని అక్కడిదాకా రాదు.

సార్ నాకంటే ముందే చూసినట్టున్నారు. బయట తర్వాతి బ్యాచ్ పిల్లలు నిలబడి ఉంటే లేచి తలుపు దగ్గరగా వేశారు.

"గాడ నీ పేరు రాసి లేదు, అడ్రసే ఉన్నది. పేరు నువ్వే చెప్పాలె."

అబద్ధమెందుకు, మధురానగర్‌లోని నా హాస్టల్‌కు పోయి దుప్పటి కప్పుకుందామనిపించింది. తప్పు పాత కోడ్‌లోనే ఉందని చెబితే కాదనేవారు ఎవరూ లేరు. కాళ్లు ఈడ్చుకుంటూ పంజాగుట్ట దాకా నడిచి, ఏ మీటింగు గదిలో ఆ మాట అన్నానో అదే గదిలో, అందరి ముందూ చెప్పాను. మేనేజర్ చెడామడా తిట్టారు. అన్న ఉద్యోగం నిలిచింది, నాదీ పోలేదు. అన్న మాత్రం అది ఎట్లా కనబడిందో తనకూ చూపించమని అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

సార్‌ని తీసుకొస్తే ఆయనే చూపిస్తారన్నాను. మర్నాడు సార్ వచ్చారు. సరిచేసిన ప్రోగ్రామ్ మధ్యాహ్నం దాటినా ఆగలేదు. వరుసలు పారుతూనే ఉన్నాయి. అన్న కుర్చీ తెచ్చి వేశారు గానీ సార్ కూర్చోలేదు.

"ముప్పై ఏండ్ల సంది చెప్తున్న. చూసినప్పుడల్లా కొత్తగనే ఉంటది" అన్నారు మెల్లగా.

ఆ తర్వాత వంగి, బల్ల కింద రొద పెడుతున్న ఆ పాత కంప్యూటర్ మీద, పసిపిల్లకు జ్వరం చూసినట్టు అరచేయి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయారు.