బొగ్గు గీత పెట్టిన గుడ్లు

ఈ ఉదయం మా ఎర్ర పెట్ట గంపలోంచి లేవనని మొండికేసింది. చెయ్యి దగ్గర పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంది. పొదగడానికి కూర్చుందన్నమాట. కింద ఉన్న గుడ్లకి గుర్తు పెడదామని పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీశాను. తీశానే గానీ చెయ్యి ముందుకి సాగలేదు. బొగ్గు పట్టుకుని కోళ్ళ పాక ముందు అలాగే నిలబడిపోయాను. మా ఆయన చూసి, పేపర్లోకి తల దించేశారు. ఆయనకీ గుర్తొచ్చిందని నాకు తెలుసు.

ముందు నా గుణం చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పానన్న పేరే గానీ, నేను నిజంగా బాగా చేసిన పని పరీక్షలప్పుడు కాపలా కాయడం. ఎవరి చొక్కా మడతలో ఏ చీటీ ఉందో గుమ్మంలోంచే పసిగట్టేదాన్ని. రిటైరయ్యాక రాజాం దగ్గర ముప్పై సెంట్ల నేల కొని, రెండు గదులు వేసుకుని, కూరగాయలూ నాటుకోళ్ళూ పెంచుకుందామని వచ్చేశాం. ఉద్యోగం వదిలింది గానీ ఆ చూపు వదల్లేదు. సంతలో కోళ్ళమ్మినతను నవ్వితే, ముసలి పెట్టని అంటగడుతున్నాడు కాబోలనుకుని దాని కాళ్ళు మూడుసార్లు తిప్పి చూశాను.

పక్క పొలం ఆవిడ మొదటిరోజే నన్ను సెల్లీ అంది, నేను ఇక్కడివాళ్ళు అక్కని పిలిచినట్టే అప్పా అన్నాను. కంచె సందులోంచి వచ్చి, కొంగు ముడి విప్పి, బూడిద పట్టించిన బీర, ఆనప, గుమ్మడి విత్తనాలు చేతిలో పోసింది. ఊరికే ఎందుకిస్తోంది? పుచ్చు విత్తనాలు వదిలించుకుంటోందేమో! పాదులు చేసి నాటాను గానీ, మొలకెత్తాయో లేదోనని రోజూ పొద్దున్నే వేలితో మట్టి పెళ్ళగించి చూసేదాన్ని. ఒక్కటీ మొలవలేదు. ఓ రోజు ఆవిడ నన్ను ఆ పనిలో పట్టుకుంది. నడుం మీద చేతులేసుకుని నవ్వింది.

"ఏటే సెల్లీ, ఇత్తనాన్ని కూడా నమ్మవేటి? దాని మానాన దాన్ని ఒగ్గీ!"

మళ్ళీ విత్తనాలు తెచ్చి తనే నాటింది, నన్ను పాదుల దరిదాపులకి రానివ్వలేదు. రెండు నెలలు తిరక్కుండా బీర తీగ పందిరి నిండా కాసింది. ఆ తర్వాత ఆవిడ పిలుపూ పేరంటమూ లేకుండా వచ్చేది, పోయేది. పండుటాకులు గిల్లేది, కోళ్ళకి నూకలు జల్లేది, తన కూరకి గుప్పెడు తోటకూర తెంపుకుని మాకు మునగాకు వదిలి వెళ్ళేది. ఆవిడ రాని పూట నాకు ఏమీ తోచేది కాదు. అంత ఇష్టం పెరిగింది.

అప్పుడే గుడ్లు మాయమవడం మొదలైంది. మూడు ఉండాల్సిన చోట మధ్యాహ్నానికి ఒకటే ఉండేది. ఆ సందులోంచి వచ్చేదీ పోయేదీ ఒక్క అప్పే. నా పరీక్ష హాలు బుర్ర ఊరుకుంటుందా? బొగ్గు తీసి ప్రతి గుడ్డు మీదా ఒక గీత గీసి, గంపలోనే ఉంచాను. పాక ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను గనక మూడు రోజులకి ఏడు చేరాయి. నాలుగో రోజు కంటి డాక్టరు కోసం ఇద్దరం శ్రీకాకుళం వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే, గంప ఖాళీ.

మర్నాడు గిన్నె తిరిగిచ్చే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మూల గంపలో వాళ్ళ నల్లకోడి పొదుగుతోంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. దాని కింద నా బొగ్గు గీతలు.

"రాయే సెల్లీ, నానే వద్దామనుకుంటన్నాను," అంటోంది అప్ప.

నేను విన్లేదు. "గుడ్లు కావాలంటే అడగొచ్చుగా అప్పా. మేం లేనప్పుడు దొంగతనంగా ఎందుకు?" అనేశాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. "దొంగతనమా?" అని ఒక్క మాట అని, గిన్నె అందుకుని లోపలికెళ్ళిపోయింది. సంజాయిషీ చెప్పుకోనివాళ్ళంతా తప్పు చేసినవాళ్ళేనని నా సర్వీసు లెక్క. ఆ పూట తుమ్మ కంప వేసి సందు మూయించాను. గర్వంగా కూడా అనిపించింది, ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

సందు మూసినా గుడ్లు పోతూనే ఉన్నాయి. ఓ పట్టపగలు మా ఆయన కేకేసి చూపించారు: పాకలోంచి గుడ్డు ముక్కున పట్టుకుని ఒక కాకి ఎగిరిపోతోంది. అయినా ఒప్పుకోలేదు. బొగ్గు గీత గుడ్లని కాకి తీసుకెళ్ళి అప్ప కోడి కింద పెట్టలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సందు మూసిన మూడు వారాలకి అప్ప కంప అవతల నిలబడి పిలిచింది. చేతిలో బుట్ట, బుట్టలో కిచకిచలు.

"బొగ్గు గీత ఎట్టినావంటే పొదగెయ్యడానికే గదేటి? నీ పెట్ట ఒక్కటీ కూకోలేదు. ఎండకి సెడిపోతాయని నా కోడి కింద ఎట్టినాను. సెప్దామంటే ఆ రోజు మీరు ఊర్లో నేరు."

పొదిగే గంపలోకి మిగతా పెట్టలు కూడా వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. ఆ కొత్తవి ఏరి తీసెయ్యడానికి పొదగేసిన గుడ్లకి బొగ్గు గీత పెడతారట. ఇక్కడ కోడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి, నాకు తప్ప.

బుట్టలో ఆరు పిల్లలు. నేను వాటిని లెక్కపెడుతుండగానే ఆవిడ కొంగు ముడి విప్పి ఒక గుడ్డు తీసి నా చేతిలో పెట్టింది. బొగ్గు గీత చెక్కుచెదరలేదు.

"ఇది ఏడోది. మురిగిపోనాది. సూసుకో."

ఆ మురిగిన గుడ్డు బరువు నా అరచేతికి ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే వెళ్ళి చేతులు పట్టుకున్నాను, ఏడ్చాను కూడా. "పోన్లేయే" అంది, టీ ఇచ్చింది. కంప తీయించేశాను. అప్ప మళ్ళీ రోజూ వస్తోంది, నవ్వుతుంది, వంకాయలకి పురుగు పట్టించానని తిడుతుంది. కానీ తోటకూర మీద చెయ్యి వేసే ముందు గట్టిగా పిలుస్తుంది: "సెల్లీ, రెండు మొక్కలు తెంపుతన్నాను, సూడు!" నేను బయటికొచ్చి చూసేదాకా తెంపదు.

ఈ ఎర్ర పెట్ట ఆ ఆరింటిలో ఒకటి. గుడ్డు పిల్ల కావడానికి ఇరవై ఒక్క రోజులు చాలు. అప్ప నన్ను పిలవకుండా మా తోటకూర తెంపుకునే రోజు కోసం మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాను.