మూడో నియమం చెప్పేలోపే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో డిప్లొమా, నెత్తిన పసుపు హెల్మెట్. (హెల్మెట్ పెట్టుకుంటే లోపలి సరుకు కూడా గట్టిపడుతుందని నా నమ్మకం.) నెహ్రూ నగర్ దగ్గర హైవే పక్కన ఒక లారీల గ్యారేజీలో సేఫ్టీ ట్రైనీగా చేరాను. అక్కడ టైర్లకు గాలి పట్టడానికి ఒక ఇనుప బోను ఉండేది; టైరు పేలినా ముక్కలు మనుషుల మీదకు రాకుండా అది ఆపాలి. కానీ అందులో వాచ్‌మన్ కోళ్లు కాపురముండేవి. మనుషులేమో టైరును నేలమీద పడేసి, పక్కనే కూర్చుని గాలి కొట్టేవారు. అంతకుముందు నెలే అలా ఒకాయన చెయ్యి విరిగింది. చేరిన వారంలోనే నేను కోళ్లను ఖాళీ చేయించి, ఉత్తరాది కుర్రాళ్లతో సహా అందరినీ పోగేసి, సగం హిందీలో సగం తెలుగులో ఉపన్యాసం మొదలుపెట్టాను.

టైర్ల మిస్త్రీ శ్రీకాకుళం వైపు మనిషి, అందరికీ పెదనాన్న. ప్రదర్శనకు నేను ఎంచిన టైరు చూసి, "ఇదేటి పాపా, దీని పక్క ఉబ్బిపోనాది. ఒగ్గేయ్" అన్నాడు. "బోనులోనే కదా పెదనాన్నా, ఏం కాదు" అని గాలి పెట్టించాను. "మొదటి నియమం, బోను వాడాలి. రెండోది, గాలి ఎంత ఎక్కిందో చూసుకోవాలి" అంటూ, కాస్త స్టైలుగా ఆ బోనుకే వీపు ఆనించాను.

"ఆనుకోకు పాపా! ఇటొచ్చీ!"

"ఒక్క నిమిషం, మూడో నియమం చెప్పనీ..."

ఢాం! బోను ముక్కల్ని ఆపింది గానీ గాలిని ఆపలేదు. నేను ఎగిరి నాలుగడుగుల అవతల బోర్లాపడ్డాను. మోకాళ్లు చీరుకుపోయాయి, చెవుల్లో ఒకటే హోరు. కాసేపటికి ఎవరో వంగి, "దీదీ, ఠీక్ హో?" అన్నారట. తల తిప్పి చూస్తే నాకు పెదవులు కదలడమే కనిపించింది, మాట వినపడలేదు. మూడో నియమం అడుగుతున్నారనుకుని పడుకునే అరిచాను: "దూరంగా నిలబడాలి!" (నేను తప్ప అందరూ దాన్ని అప్పటికే పాటించారు.)

ప్రమాద నివేదిక రాయాల్సిందీ నేనే. ఉద్యోగం పోతుందన్న భయంతో 'కారణం' దగ్గర 'పాత టైరు' అని రాశాను. పెదనాన్న తొంగిచూసి, నా చెవిలో అరిచాడు: "టైరేటి సేసింది పాపం? నానొద్దన్నాను గదేటి!" ఏడుస్తూ అది కొట్టేసి, నా పేరు రాశాను. యజమాని చదివి, నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత ఎవరూ బోను బయట గాలి కొట్టలేదు. అది నా ఉపన్యాసం మహిమ కాదు, నేను ఎగిరిన తీరు చూసి.

ఇప్పుడు నాకు ఏదీ అంత ధీమాగా తెలియదు. పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఆనాటి ఆ పిల్ల గుర్తొస్తే ముందు నాలుగు తిట్టాలనిపిస్తుంది, ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాలనిపిస్తుంది.