తాలు కాయ పెడితే ఆట ఆపాలి

"ఎందుకు పెట్టావో చెప్పు."

"చెప్పక్కర్లేదత్తయ్యా. ఈ ఆటలో కట్టుబాటే అది."

"ఆట సంగతి నాకు చెప్పకు. నేను మాట్లాడుతుంటే మధ్యలో కాయ పెట్టి నా నోరు మూయించావు. పదిమంది ముందర. ఎందుకు?"

"ఎవరు పెట్టినా ఎందుకని అడక్కూడదు. మొన్న ఆవిడ పెడితే మీరు అడగలేదుగా?"

"ఆవిడ నా కోడలు కాదు."

కోడలు తల దించుకుని కాయలు ఏరడం మొదలుపెట్టింది. మా ఇద్దరి మధ్యా కూర్చున్న నా మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మమ్మా, ఇంక ఆపు. ఆట చెడగొడుతున్నావు."

"చెడితే చెడనీ. నా కల్లంలో నేను అడక్కూడని మాట కూడా ఉందా?"

పోయిన మిరప కోతలప్పుడు, కల్లం పక్కన రేకుల పాకలో, మధ్యాహ్నం మూడు గంటలకు జరిగిన గొడవ ఇది. చుట్టూ ఏడుగురు ఆడవాళ్ళు కూలికొచ్చి తాలు ఏరుతున్నారు. తాలు అంటే ఎర్రటి కాయల్లో కలిసిపోయిన తెల్ల కాయ. అది ఉంటే సరుకుకు ధర పలకదు. 

ఆట తెచ్చింది మనవరాలు, మా అమ్మాయి కూతురు. మంగళగిరిలో ఉద్యోగం. అక్కడ ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి గదిలో ఉంటుంది. ఆఫీసు పని కంప్యూటర్లో ఇక్కణ్ణించే చేసుకుంటానని పది రోజులకు వచ్చింది. వచ్చాక తెలిసింది, అసలు పని వేరే ఉందని. ముగ్గురూ కలిసి ఒక ఆట తయారు చేస్తున్నారట.

"చదరంగంలా గళ్ళుండవమ్మమ్మా, పేకలా పందెం ఉండదు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ మొదలుపెడతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషైపోయి, ఆ మనిషి ఏం చేస్తుందో, ఏమంటుందో చెప్పాలి. చేసిన పని కుదిరిందా లేదా అన్నది పాచిక వేసి తేల్చుకోవాలి."

"ఇంతేనా? దీన్ని కొనుక్కుంటారా?"

"మగపిల్లలు కొంటారు. ఆడపిల్లలు ఒకసారి వచ్చి కూర్చుంటారు, రెండోసారి రారు. వాళ్ళు రెండోసారి రావాలి. దానికి ఆట ఎలా ఉండాలో చూడ్డానికే వచ్చాను."

ఎందుకు రారని అడిగాను. కథంతా కత్తులూ నరుక్కోవడాలేనంది. ఆడమనిషంటూ ఉంటే ఎవరో ఎత్తుకుపోయి కట్టేసిన మనిషేనంది. అంతకంటే పెద్ద బాధ పక్కన కూర్చునేవాళ్ళతోనట. వెకిలి మాటలన్నీ కథలో కలిపి, ముఖం మాడ్చుకుంటే "కథేగా" అంటారట. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. పరాచికమేగా అనే మాట వినకుండా ఈ ఊళ్ళో ఏ ఆడదీ ముసలిదవలేదు.

పెట్టె తీసి చూపించింది. గులాబీ రంగు పెట్టె.

"ఆడవాళ్ళు ఆడాలని ఈ రంగేశారా?"

"మా ఫ్రెండ్ వేసింది. బాలేదా?"

"ఇక్కడ గులాబీ రంగంటే పత్తికాయలో దూరే పురుగే గుర్తొస్తుంది. దాచెయ్."

మర్నాడు పెట్టె కనపడలేదు. కాగితాలు, పాచికలు మాత్రం పట్టుకుని పాకలోకి వచ్చింది.

నాకిష్టం లేదు. కూలిచ్చి పిలిచిన మనుషులు. కథలు చెప్పుకుంటూ కూర్చుంటే కాయ ఎవరు ఏరుతారు? ఒక్క పూట చూద్దామని ఊరుకున్నాను. కథలో పడ్డవాళ్ళు మంచినీళ్ళకు లేవడం లేదు, ఫోను తీసి చూడటం లేదు. తట్టలు ముందుకంటే తొందరగా నిండుతున్నాయి. అందుకే ఒప్పుకున్నాను. మనవరాలి మీద ప్రేమతో ఒప్పుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

మొదటి రోజు కథ ఇది. కొండ మీద గుహ, అందులో రాక్షసుడు, వాడి వెనక బంగారం. "లోపలికి వెళ్తారా?" అని అడిగింది మనవరాలు. ఏడుగురిలో ఒక్కరూ లేవలేదు. వాళ్ళలో పెద్దావిడ, నోరు కూడా పెద్దదే, అడిగింది.

"లోపల మనోళ్ళెవరన్నా ఉన్నారా పాపా?"

"లేరు."

"మరి పోడం దేనికి? పొద్దుగూకితే ఇంటికాడ అన్నం ఆ రాక్షసుడొచ్చి వండుతాడా?"

అందరూ పగలబడి నవ్వారు. మనవరాలు నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది. రెండో రోజు అదే గుహలో ఊళ్ళోవాళ్ళ గొర్రెలూ, కాయడానికి వెళ్ళిన ఒక ఆడపిల్లా చిక్కుకుపోయారని చెప్పింది. చెప్పీ చెప్పకముందే ఏడుగురూ లోపల ఉన్నారు. ఒకామె తాడు తెచ్చానంది. ఒకామె రాక్షసుడికి సద్దన్నం పట్టుకొచ్చానంది. వాణ్ణి చంపలేదు. అన్నం పెట్టి, గొర్రెల్ని వాడి చేతే మోయించుకుని, ఆపైన తమ దగ్గర పనిలో పెట్టుకున్నారు. కూలెంతో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"చూశావా అమ్మమ్మా, ఒక్క కత్తీ బయటికి రాలేదు," అని మురిసిపోయింది మనవరాలు.

తాలు కాయ కట్టుబాటు కూడా దానిదే. పట్నంలో ఆడేటప్పుడు బల్ల మధ్యలో ఒక అట్టముక్క పెడతారట. కథ ఎవరికైనా మనసుకు కష్టంగా తోస్తే దాన్ని ముట్టుకోవాలి. ముట్టుకోగానే కథ అక్కడికక్కడ ఆగాలి. ఎందుకని ఎవరూ అడక్కూడదు. కథ పక్కకు తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. మిరప చేతులతో పట్టుకుంటే అట్టముక్క అరగంటలో ఎర్రబడి చిరిగిపోయింది. అట్టముక్క బదులు తాలు కాయ పెట్టుకుందామని కూలివాళ్ళే అన్నారు. దానికి కొదవ లేదు కదా.

"కారణం చెప్పకుండా ఆపడమేంటే? ఎవరికి తోచినప్పుడు వాళ్ళు ఆపేస్తే ఇంక ఆటేముంది?" అన్నాను.

"కారణం చెప్పాల్సొస్తే ఎవరూ ఆపరమ్మమ్మా. ఓర్చుకుని కూర్చుంటారు. మర్నాడు రారు."

మొదట దాన్నీ వేళాకోళానికే వాడుకున్నారు. టీ వస్తే ఒకామె కాయ పెట్టింది. కథలో పాట పాడబోతే ఇంకొకామె పెట్టింది. మూడో రోజు కథలో కోట కాపలావాడు తాగి తూలుతూ ఇంటి తలుపు బాదాడు. ఆ పెద్దావిడే, నోరు పెద్దదన్నానే, ఒక తాలు కాయ తీసి మధ్యలో పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. లేచి వెళ్ళి నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని వచ్చి కూర్చుంది. "ఊఁ, కానీ పాపా," అంది. కాపలావాడు కథలో మళ్ళీ రాలేదు.

నాకది మింగుడుపడలేదు. ఆవిడ మీద కోపం కాదు. నాలుగో తరగతిలో బడి మాన్పించి పత్తి తీయడానికి పంపిన రోజునుంచీ ఇవాళ్టిదాకా, నేను వద్దన్న పని ఏదీ ఎందుకని అడగకుండా ఆపినవాళ్ళు లేరు. అడిగాక కూడా ఆపలేదు. కూలికొచ్చిన మనిషికి నా పాకలో దొరికింది నాకెక్కడా దొరకలేదు.

ఆ సాయంత్రం మనవరాలు నన్నూ ఆటలో కలవమంది. "ఎవరుగా ఉంటావమ్మమ్మా? రాణివైనా, మంత్రగత్తెవైనా, పడవ నడిపేదానివైనా, నీ ఇష్టం."

చాలాసేపు ఆలోచించాను. ఎవరూ తోచలేదు. ఆ సంగతి పైకి చెప్పలేదు. చివరికి, కోట తాళాలు దగ్గరపెట్టుకునే పెద్దావిడగా ఉంటానన్నాను. తెలిసిన పని.

కోడల్ని అడిగితే మాత్రం ఒక్క క్షణం తడుముకోలేదు. "ఊరూరా ఉత్తరాలు మోసే మనిషిని," అంది. అంత తొందరగా ఎలా తోచిందా అని నేనప్పుడు అనుకోలేదు.

నా కోడలిది పొన్నూరు. వరిచేల మధ్య పెరిగిన పిల్ల. కాపురానికొచ్చిన కొత్తల్లో మిరప మంటకు చేతులు పెరుగులో ముంచుకుని కూర్చునేది. ఇప్పుడు తాలు ఏరడంలో దానిని మించినవాళ్ళు లేరు. గొడవకు నాలుగు రోజుల ముందు దాని తమ్ముడు ఫోను చేశాడు. తల్లికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చారు. కోడలు మా అబ్బాయిని అడిగితే వాడు అమ్మనడుగన్నాడు. నన్నడిగింది.

"వెళ్ళొస్తానత్తయ్యా."

"కాయ ఎత్తాక వెళ్దువుగాని," అన్నాను.

మొదటి కోత కాయంతా కల్లంలో పరిచి ఉంది. సముద్రం వైపునుంచి మబ్బు పడుతోందని ఊరంతా అంటున్నారు. ఒక్క మనిషి లేకపోతే కాయ ఎండదా అంటే ఎండుతుంది. ఆ మాట నాకు అప్పుడూ తెలుసు. కోతల్లో ఇంటి మనిషి ఊరెళ్ళడమన్నది ఈ ఇంట్లో లేదు, అంతే. అది రెండోసారి అడగలేదు. మనవరాలికి కూడా చెప్పలేదు.

ఇక గొడవ జరిగిన మధ్యాహ్నం. కథలో కోట తలుపులు మూసేశారు. ఉత్తరాల మనిషి తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. "నది అవతలి ఊళ్ళో నీకోసం ఎదురుచూస్తున్నారు. తాళాలు పెద్దావిడ దగ్గరున్నాయి. ఏమంటావు?" అని మనవరాలు కోడల్ని అడిగింది. ఏమీ తెలియకుండానే అడిగింది.

"తలుపు తియ్యండి పెద్దమ్మా. పొద్దు వాలేలోపల నది దాటాలి," అంది కోడలు.

"కోతలయ్యాక తీస్తాను," అన్నాను.

అనాలని అనలేదు. నోటికి అలవాటైన మాట. కూలివాళ్ళు నవ్వారు. కోడలు కూడా నవ్వుతుందనుకున్నాను.

"కోతలయ్యేదాకా ఆవిడ ఉండదేమో," అంది.

ఎదురుచూసేది ఆడమనిషని మనవరాలు చెప్పనే లేదు. అక్కడైనా నేను నోరు కట్టుకోవాల్సింది.

"ఉండకపోతే నువ్వెళ్ళి చేసేదేముంది? దగ్గరున్నవాళ్ళు చూసుకుంటారు."

అప్పుడు పెట్టింది కాయ. విసరలేదు. మెల్లగా, మధ్యలో.

ఆ తర్వాత మాటలే ముందు చెప్పాను. అక్కడితో ఆగలేదు. "మా అమ్మ పోయినప్పుడు నేను పత్తి చేలో ఉన్నాను. మూడో రోజుకు గాని పంపలేదు నన్ను. నేను బతకలేదా?" అని అరిచాను.

కోడలు తలెత్తి నన్ను చూసింది. "బతికారత్తయ్యా. చూస్తూనే ఉన్నాంగా," అంది.

"అమ్మగారో, టీ చల్లారిపోతంది," అంది పెద్దావిడ. టీ ఇంకా రానేలేదు.

అందరూ తట్టలు ఎత్తాక మనవరాలు పుస్తకం తీసి రాసుకుంటోంది. ఏం రాశావని అడిగాను. దాచకుండా చదివింది. "పెత్తనం చేసే మనిషి బల్ల దగ్గరుంటే ఆపే కట్టుబాటు పనిచెయ్యదు. ఆవిడ లేకుండా ఆడించాలి."

"అంటే అత్తలు ఆడకూడదా?"

"ఆడొచ్చు. కోడలున్న బల్ల దగ్గర కాదు."

"నీకోసం నా పాక ఇచ్చాను. నా మనుషుల్నిచ్చాను."

"ఇచ్చావు. నాకు కావలసింది కూడా దొరికింది," అంది. మామూలుగానే అంది. దానికి తల్లి పోలిక కంటే నా పోలికే ఎక్కువ.

పొద్దున్నే లేచాను. పొన్నూరు వెళ్ళమని కోడలికి చెబుదామనే కల్లానికి వెళ్ళాను. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కూడా అనుకునే వెళ్ళాను. మంచు బాగా కురిసింది. కోడలు అప్పటికే కాయ మీద కప్పిన పట్టాలు తీసి, కుప్పల్ని చేతులతో పలచగా పరుస్తోంది.

"ఆ మూల తడిసింది. తిరగెయ్యి," అన్నాను.

తిరగేసింది.

కూలివాళ్ళు వచ్చారు. ఎనిమిది గంటల బస్సుకు మనవరాలు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు దాని అత్తను కౌగిలించుకుంది, నాకు దణ్ణం పెట్టింది. కాసేపటికి పాకలో మంచం మీద కోడలి ఫోను మోగింది. దాని చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. ఫోను తీసి, నొక్కి, దాని చెవి దగ్గర పట్టుకున్నాను. తమ్ముడి గొంతు పెద్దది, నాకూ వినపడింది.

"అక్కా, అమ్మ నిన్నటినుంచీ గంజి కూడా మింగట్లేదు. నీకోసమే గుమ్మం వైపు చూస్తంది. బయల్దేరావా?"

అది నా మొహం చూడలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉండి, "కాయ ఎత్తాక వస్తాన్రా," అంది. "ఇంకో నాలుగు రోజులు."

"నాలుగు రోజులా?"

"ఊఁ."

చెవి పక్కకు తీసుకుంది. ఫోను ఆపి మంచం మీద పెట్టాను. కోడలు రెండో కుప్ప దగ్గరికి వెళ్ళి పరచడం మొదలుపెట్టింది. నేను తడి పట్టాలు దులిపి తీగ మీద ఆరేశాను.