పాటల ఓడ రేడియో

బుల్లియ్యకి రేడియోల పిచ్చి అంటే యాంగాన్‌లో తెలుగువాళ్లుండే తాకేటా పేటలో కాదనేవాళ్లు లేరు. ఉద్యోగం మానేశాక మనవలను ఆడించుకుంటూ ఇంటిపట్టున ఉండాల్సిన మనిషి, లమ్మడాలో పాతసామాన్ల కొట్లన్నీ గాలిస్తూ తిరుగుతాడు. అరవైల్లో యూరప్ తీరాన లైసెన్సుల్లేకుండా ఓడల మీదే స్టేషన్లు పెట్టి పాటలు వేశారే, ఆ రోజుల్లో తయారైన ట్రాన్సిస్టర్లే కావాలి ఆయనకు. ఏ కంపెనీ ఏ ఏడు ఏ రంగులో తీసిందో ఫోనులో చదివి చదివి కళ్లు పాడుచేసుకున్నాడు. ఇంతా చేసి ఆయన వెతికేది ఒకే ఒక్క రేడియో. వాళ్లమ్మది.

రేవులో బరువులు మోసే నాన్నకు ఎవరో తెల్ల నావికుడు ఇచ్చిపోయిన రేడియో అది. మా ఊళ్లో దీంట్లో ఓడలోంచి పాటలొస్తాయని అతను చెప్పిన ముక్కను నాన్న యథాతథంగా ఇంటికి మోసుకొచ్చాడు. ఇంకేముంది! తెలుగు పాట వినపడగానే, పాడేవాళ్లంతా యాంగాన్ నది మొగలో ఓడెక్కి కూర్చున్నారని అమ్మ తేల్చేసింది. గాలివాన వస్తే చాలు, "పాపం, ఆళ్లు ఏటైపోతారో" అని ఒకటే బెంగ. నాన్న పని పోయిన ఏడు రేడియో కూడా అమ్ముడైపోయింది. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. కన్నుమూసేముందు మాత్రం "ఆ ఓడ ఉన్నాదేట్రా ఇంకా?" అని అడిగింది. అప్పట్నుంచీ బుల్లియ్యకు ఆ రేడియో తప్ప వేరే ధ్యాస లేదు.

మొన్న వానల్లో పాతసామాన్ల కొట్టాయన ఫోన్ చేశాడు, బర్మావాళ్ల మర్యాదకు పేరు ముందు 'ఊ' తగిలించి. "ఊ బుల్లియ్యా, మీరు చెప్పిన రకం వచ్చింది." వెళ్లి చూస్తే అదే కంపెనీ, అదే తోలు పిడి. ఇంటికి తేగానే అలవాటుకొద్దీ స్పిరిట్టు, దూది పట్టుకుని కూర్చున్నాడు. అంకెల పట్టీకి పైన, కుడివైపుగా, ఎర్రగా అట్టకట్టిన మరక. ఈ ఊళ్లో ఎర్ర మరక కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? కిళ్లీ ఉమ్మిన దౌర్భాగ్యుడెవడో అని తిట్టుకుంటూ గీకి గీకి తుడిచేశాడు. మరక పోయింది. మిగతా డబ్బా అంతా పసుపు తిరిగిపోయినా అక్కడ మాత్రం గుండ్రంగా తెల్లటి మచ్చ మిగిలింది.

అది అమ్మదో, అలాంటిదే ఇంకోటో చెప్పగలిగేది బుల్లియ్య పెద్దక్క తాయారప్ప ఒక్కతే. ఇన్సేన్ నుంచి రైలెక్కి వచ్చింది.

"కిళ్లీ మరకుండేదప్పా. తుడిసేస్తే మచ్చుండిపోనాది," అన్నాడు బుల్లియ్య, సంజాయిషీగా.

ఆవిడ మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"కిళ్లీ ఏట్రా సచ్చినోడా! అమ్మ బొట్టురా అది!"

దసరాకు పనిముట్లతో పాటు రేడియోకీ పూజ చేసేవాళ్లు వాళ్లింట్లో. ఎవరైనా బొట్టు నడిమధ్యన పెడతారు. అమ్మకు అంకెలు రావు. అందుకని తెలుగు పాటలొచ్చే చోటికి సరిగ్గా పైన పెట్టుకునేది, ముల్లు అక్కడికి తిప్పుకోవడానికి. ఏటేటా దాని మీదే మళ్లీ కొత్త బొట్టు. అప్పుడు బుల్లియ్య మరీ చిన్నవాడు, ఆ సంగతి ఎరగడు.

ఇన్నేళ్లు వెతికి వెతికి, దొరికిన అమ్మ బొట్టును బుల్లియ్య తన చేతులతోనే చెరిపేశాడు. పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

తాయారు ఆయన్ని ఓదార్చలేదు. దేవుడి మూల నుంచి కుంకుమ తెచ్చి, తడిపి, ఆ తెల్లమచ్చ నిండా బొట్టు పెట్టింది. ముల్లు దాని కిందికి తిప్పింది. పాటా లేదు, మాటా లేదు, ఒట్టి గురగుర. బుల్లియ్య కట్టేయబోయాడు.

"ఉంచరా," అంది తాయారు, చిన్నప్పుడు అన్నట్టే. "అమ్మ పొయ్యికాడున్నాది. ఇనపడాల, గట్టిగా ఎట్టు."

బుల్లియ్య కళ్లు తుడుచుకుని సౌండు పెంచాడు.