అద్దం మార్పించిన ఏడాది

నా ఫోనులో మనుషుల ఫొటోలకన్నా రోడ్డు ఫొటోలే ఎక్కువ. అన్నీ మా వ్యాను ముందద్దంలోంచి తీసినవే. లోకంలో అందరూ బండి దిగి, జుట్టు సర్దుకుని, నవ్వుతూ ఫొటోలు తీసుకుంటారు. మాకు దిగే తీరిక ఎక్కడిది? వెనక ఎండుమిర్చి కుక్కిన గోనెసంచులు, మేం టిక్కీలంటాం, ఘాటు కక్కుతూ ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డులో బళ్ల వరస పెరగకముందే చేరాలి. అందుకని కూర్చున్నచోటు నుంచే తీసేదాన్ని.

అద్దంకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరుకు మిర్చి తోలడం మా ఆయన పని. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయాక నేను ఇంట్లో కుక్కర్‌తో, మిక్సీతో మాట్లాడుకోవడం చూసి, "నాతోపాటు బండెక్కవే, ఆ కబుర్లేవో నాకే చెబుదువుగాని" అన్నారు. ఎక్కాను. పెళ్లైన ఇన్నేళ్లలో మేమిద్దరం అంతంతసేపు పక్కపక్కన కూర్చున్నది ఆ బండిలోనే.

పొలాల్లో కల్లాల మీద మిరపకాయలు పరిచి ఉండేవి, ఎర్ర చీరలు ఆరేసినట్టు. పత్తి లారీలు పొట్ట ఉబ్బించుకుని రోడ్డంతా మాదే అన్నట్టు పోయేవి. వాటి ఒరిపిడికి దారి పక్క తుమ్మకొమ్మలకు తెల్లగా దూది పింజలు అంటుకునేవి. ముళ్లచెట్టుకు పువ్వులు పూయించిన ఘనత ఆ లారీలది. అవన్నీ తీసేదాన్ని. సగం ఫొటోల్లో అద్దం మీది ఆంజనేయస్వామి బొమ్మ అంచు కూడా పడేది. కిటికీ దించుదామంటే దారిలో అడుగడుగునా మిర్చి బళ్లే, దగ్గు ఆగేది కాదు.

మొదట్లో నా పిచ్చి చూసి నవ్విన మనిషి, ఉన్నట్టుండి తనే అడగడం మొదలుపెట్టారు. "ఇక్కడొకటి తియ్యవే." "ఆ బోర్డు తియ్యి." టీ కోసం ఆగినప్పుడు ఫోను తీసుకుని, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చేసి చూసేవారు. నా ముచ్చట ఆయనకూ అంటుకుందని మురిసిపోయాను. "వ్యాను అమ్మేసి స్టూడియో పెట్టుకుందామా?" అని ఏడిపించాను. ఆయన నవ్వారుగానీ ఫోను మాత్రం వదల్లేదు.

అప్పుడే అద్దం గొడవ కూడా మొదలైంది. "అద్దం మసగ్గా ఉందే" అంటూ మాటిమాటికీ బండి ఆపేవారు. తడి కాగితంతో తుడిచారు. సబ్బునీళ్లతో కడిగారు. వానలో నీళ్లు నిలవకుండా డ్రైవర్లు పొగాకు తడిపి అద్దానికి రుద్దుతారు కదా, వాన లేకపోయినా అదీ రుద్దారు. బండంతా పొగాకు కంపు. నేను విసుక్కున్నాను.

కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతూ ఉండేవి. ఆ సంగతి నేను చూడకపోలేదు. కానీ మా వైపు మిర్చి రోజుల్లో ఎవరి కళ్లు తెల్లగా ఉంటాయి? కోతకు పోయే ఆడవాళ్లు, కాటా వేసేవాళ్లు, హమాలీలు, అందరివీ అలాగే ఉంటాయి. పడుకోబోయే ముందు కంట్లో ఆముదం చుక్క వేసి, తడిగుడ్డ కప్పేదాన్ని. ఒకసారి డాక్టరుకు చూపిద్దామన్నాను. "కాయ ఘాటుకి డాక్టరేంటే, కళ్లు మండకపోతే అది మిరపకాయెట్టా అవుద్ది?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది.

ఒక పొద్దున ఎడమ పక్కనుంచి మేకల మంద రోడ్డెక్కింది. నేను "ఏమండీ" అని అరిచేదాకా ఆయన చూడలేదు. బ్రేకు వేసేసరికి వెనక టిక్కీలన్నీ ముందుకు జరిగాయి. మేకలు బతికిపోయాయి. ఆయన స్టీరింగు మీద ఒక్కటి చరిచి, "ఈ దిక్కుమాలిన అద్దం మార్పించేస్తా" అన్నారు.

మార్పించారు. అద్దం ఒక్కటే మార్చినా కొత్త బండి కొన్నంత హడావుడి చేసి పెదకాకాని గుడికి తీసుకెళ్లారు, మావాళ్లంతా కొత్త బళ్లకు పూజ చేయించేది అక్కడే కాబట్టి. అయ్యవారు కొత్త అద్దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. వాటిని తొక్కించి కదిలాం. తిరుగు ప్రయాణంలో వెనక బరువు లేదు, కిటికీలు దించుకున్నాం, గాలి చల్లగా ఉంది. ఆ పూట నా మనసు ఎంత తేలికగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

చిలకలూరిపేట దాటాక ముందొక పత్తి లారీ పోతోంది. ఫొటో తీశాను. ఎంత బాగా వచ్చిందంటే, తుమ్మకొమ్మ మీద ఒక్కొక్క ముల్లూ, ముల్లుకు చిక్కిన దూదీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆయనకు చెబుదామని ఇటు తిరిగాను. నేను నోరు తెరవకముందే ఆయనే మెల్లగా అన్నారు.

"ఈ అద్దం కూడా మసకేనే."

ఫోను నా చేతిలోనే ఉంది. ఫొటో చూశాను, రోడ్డు చూశాను, ఆయన ముఖం చూశాను. అంతకుముందు తీసినవన్నీ ఒక్కొక్కటే జరిపాను. పాత అద్దంలోంచి తీసినవి కూడా ఎంతో స్పష్టంగా ఉన్నాయి. మసకని ఆయన పోట్లాడిన రోజుల్లోవి, పొగాకు రుద్దిన రోజుల్లోవి, అన్నీ.

"బండి పక్కకు ఆపండి" అన్నాను. ఎందుకని అడగలేదు, ఆపారు. తాళం తీసి నా చేతిలో పెట్టారు. ఆయనకు తన కళ్ల మీద ఎప్పటి నుంచో అనుమానం ఉందని, ఫొటోలు తీయించి చూసింది అందుకేనని అప్పుడు తెలిసింది.

గుంటూరులో కళ్ల డాక్టరు నీటికాసులు, అదే గ్లాకోమా, అన్నారు. కంటినరం ఎండిపోతూ, చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చిందట, పోయిన చూపు తిరిగి రాదట, మిగిలింది నిలవాలంటే చుక్కలు వేస్తూనే ఉండాలట. "ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అని ఆవిడ అడిగారు. "కాయల ఘాటనుకున్నామండి" అన్నారు మా ఆయన. ఆవిడ కోప్పడలేదు. మిర్చి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఇదే మాట చెబుతారని అన్నారు. తిట్టినా బాగుండేది.

వ్యాను అమ్మేశాం. కొన్నతను ఇంజను చూసుకుంటూ ఉంటే మా ఆయన తడుముకుంటూ ముందుకు వెళ్లి, "అద్దం కొత్తదండి, పెదకాకానిలో పూజ కూడా చేయించాం" అని చెప్పారు. నేను ఇంట్లోకి వెళ్లి వంటగదిలో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు కళ్లు చూపించుకోవడానికి గుంటూరుకు బస్సులో వెళుతున్నాం. దొరికితే ముందు సీటే పడతాను. బస్సు అద్దంలోంచి ఫొటోలు తీస్తాను. ఆయన "ఏం తీశావే?" అంటారు, నేను చెబుతాను. మొన్న ఒక కల్లం తీశాను. అప్పుడే పరిచిన కాయలు, ఆ ఎరుపు చూపును లాగేస్తోంది. చెప్పడం అయిపోయాక కూడా "ఏదీ, ఇట్టా ఇవ్వు" అని చెయ్యి చాపారు.

ఫోను కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. భుజం మీది తువ్వాలు కొసతో దాని అద్దాన్ని మెల్లగా తుడిచారు. మళ్లీ చూశారు. మళ్లీ తుడిచారు.

"దీని అద్దం కూడా మార్పించాలే" అన్నారు.

ఎగతాళికి అన్నారో, నిజంగానే అన్నారో, ముఖం చూసినా తెలియలేదు.

"అట్టాగేనండి, మార్పిద్దాం" అన్నాను.