కట్టను నమ్మని ఇంజనీరు

జర్మనీ ఇంజనీరు గారు పోయారని ఆయన కూతురు పంపిన మెయిల్‌ను, ఎవరిదో మోసం అనుకుని రెండు రోజులు తెరవనే లేదు. ఆయన విషయంలో నా అలవాటే అది. మొదటి రోజు నుంచీ ఆయనను అనుమానించాను.

ములకలపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. పైన వాగు మీద ప్రాజెక్టు, కింద మా ఇళ్లు. ఆ ప్రాజెక్టు పాత మట్టికట్ట ఎంత గట్టిగా ఉందో చూడమని ప్రభుత్వం వాళ్లు ఆయనను పంపారు. డెబ్బై దాటిన మనిషి. చెప్పులు విప్పి కట్ట మీద నడిచేవారు. తడి ముందు పాదాలకే తెలుస్తుందట. బడిలో పాఠాలు చెప్పే నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి, ఆయన మాటలు ఊరికి చెప్పే పని నా మీద పడింది.

రోజూ పొద్దున కట్ట కింద ఊరే నీటిని గాజు గ్లాసులో పట్టి, ఎండకెత్తి చూసేవారు. బొగ్గు వెతుకుతున్నాడని, దొరికితే గని కోసం ఊరు ఖాళీ చేయిస్తారని గుసగుసలు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు నేనూ దొంగతనంగా నోటుబుక్కు తెరిచాను. అంతా జర్మనే. అనుమానం ఇంకా పెరిగింది.

ఒకరోజు ప్రతి ఇంటి గోడ మీదా సుద్దతో అంకెలు వేశారు. పదకొండు, పద్నాలుగు, ఇరవై. ఊరంతా ఆయన జీపుకు అడ్డం నిలబడింది.

"గీ నంబర్లేంది? మా ఇండ్లు లేపుతరా?" అని వాగు ఒడ్డు ఇంటి అవ్వ నిలదీసింది. "అడుగు టీచరమ్మా, దాచకుండ చెప్పమను."

అడిగాను. ఆయన జవాబు ఊరికి చెప్పాను. కట్ట తెగితే నీళ్లు ఆ గడప చేరడానికి పట్టే నిమిషాలట అవి. ఊట నీళ్లు తేటగా ఉన్నంతకాలం భయం లేదు. మట్టి కలిసి వస్తే కట్ట లోపల కరుగుతున్నట్టే.

"మమ్ముల భయపెట్టి ఎల్లగొట్టెటందుకు గిట్ల చెప్తుండు" అంది అవ్వ.

ఆయన నొచ్చుకోలేదు. "నన్ను అనుమానించడం మంచిదే. కట్టను కూడా అంతే అనుమానించమనండి" అన్నారు.

ఆ రోజు జీపులో తిరిగి వెళ్తూ నాకు తన సంగతి చెప్పారు. వయసులో ఉండగా వేరే దేశంలో తాను కట్టిన కట్టకు బురద ఊట చూశారట. పైవాళ్లు ఫరవాలేదంటే నమ్మి సంతకం పెట్టారు. కట్ట తెగి కింద ఊళ్లో మనుషులు పోయారు. అప్పటినుంచి కట్టడం మానేసి, ఇతరులు కట్టినవాటిని పరీక్షించడమే పనిగా పెట్టుకున్నారు. అది విన్నాక కూడా నేను పూర్తిగా నమ్మలేదు.

ఆ వానాకాలం, మూడు రోజుల ముసురు తర్వాత, మధ్యాహ్నం ఆయన బడికి పరుగెత్తుకొచ్చారు. గ్లాసులో ఎర్రటి నీళ్లు. నిజమేనా అన్నట్టు ఒక్క క్షణం ఆయన కళ్లలోకి చూశాను. తర్వాత ఆపకుండా బడిగంట కొట్టాను.

ఊరంతా గుట్ట ఎక్కుతుంటే అవ్వ మాత్రం కదలనంది. ఆయన ఆమె మేకను భుజానేసుకుని గుట్టవైపు నడిచారు. "ఓ సారూ, నా మేకను ఏడికి తీస్కపోతున్నవ్!" అని తిట్టుకుంటూ అవ్వ వెనకే ఉరికింది.

సాయంత్రంలోగా కట్ట తెగింది. ఇళ్లు పోయాయి. మనుషులెవరూ పోలేదు. అందుకు ఆయనకు నేను ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తున్నాను.

గుట్ట మీద, వానలో, ఆయన వేలెత్తి మమ్మల్ని ఒక్కొక్కరినీ తన భాషలో లెక్కపెట్టారు. అందరం ఉన్నామని చెప్పాను. నా మాట నమ్మలేదు. మేకను ఇంకా భుజం మీదే ఉంచుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.